ఒక పూట గట్టున పెట్టని ఒట్టు

మా భజన గోష్ఠిలో తాగుడు మానుకుంటామని వచ్చినవాళ్ళ చేత ఒట్టు చెప్పించే పని చాలా ఏళ్ళుగా నాది. స్వామికి ఇష్టమైన పెరటాసి నెల శనివారాల్లో, దీపారాధన అయ్యాక, ఆ మనిషి తన కుడిచేతిని ఇంట్లోవాళ్ళలో ఒకరి చేతిలో వేసి, నేను చెప్పే మాటలు ఒక్కొక్కటే తిరిగి చెబుతాడు. సారా ముట్టను. కల్లు ముట్టను. గంజాయి, నల్లమందు, మత్తెక్కించేది ఏదీ ముట్టను. ఈ మాటలు మా గోష్ఠి పెద్దాయన కూర్చినవి. చివరి వాక్యం ఒక్కటి మాత్రం నేను చేర్చాను: "ఆస్పత్రిలో డాక్టరు నొప్పికి ఇచ్చే మందు ఈ ఒట్టులో చేరదు."

అది వినగానే ఎవరో ఒకరు నవ్వుతారు. "ఒట్టుకు కూడా దొడ్డిదారి పెట్టినావు గదమ్మా" అని మా వీధి మగ్గాలాయన ఒకసారి అందరి ముందూ ఎకసెక్కమాడాడు. జవాబు చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను.

మాది నగరి. నాయన నేతగాడు. మంచి నేతగాడు, చెడ్డ తాగుబోతు. తాగని రోజు ఆయనంత నెమ్మదస్తుడు మా వీధిలో లేడు. భజనలో శంఖం ఆయనదే. కళ్ళు మూసుకుని, బుగ్గలు పొంగించి ఊదితే ఆ నాదం మూడు వీధుల అవతల మగ్గాల చప్పుడును దాటి వినబడేది. ఒకే ఊపిరిలో ఎంతసేపు ఊదుతాడో చూద్దామని పిల్లలం వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం. వేళ్ళయిపోయేవి గానీ ఆయన ఊపిరి అయిపోయేది కాదు.

ఒకసారి ఆయనంతట ఆయనే తాగుడు మానేశాడు. ఎనిమిది నెలలు మానాడు. ఆ వానాకాలంలో జలుబు చేసి రొమ్ము పట్టేస్తే, స్నేహితుడొకడు బ్రాందీలో మిరియాలపొడి కలిపి "మందుకే గదబ్బా, తాగేసెయ్" అని ఇచ్చాడు. మందుకని తాగిన ఆ గ్లాసుతో మళ్ళీ మొదలైంది. ఆ తర్వాతి రెండేళ్ళు మా ఇంట్లో ఎట్లా గడిచాయో రాయను. మందుకని అన్న మాట మాత్రం నా గుండెలో ముల్లులాగా దిగిపోయింది.

తొంభైల మొదట్లో మా జిల్లాలో ఆడవాళ్ళు సారా అంగళ్ళ ముందు కూర్చున్నారు. ఆ రోజుల్లోనే మా గోష్ఠి పెద్దాయన ఒట్టు పెట్టించడం మొదలుపెట్టాడు. నాయన తలవంచుకుని దీపం ముందుకు వచ్చాడు. అమ్మ చేతిలో చెయ్యి వేయబోతే అమ్మ వెనక్కి తీసుకుంది.

"నా సేతిలో యేసిన ఒట్లు ఎన్ని మునిగినాయో ఆ స్వామికే తెలుసు. పాప సేతిలో యెయ్యి. అది మొండిది" అంది.

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. నా అరచేతిలో ఆయన చెయ్యి పడింది. నూలు లాగి లాగి గట్టిపడిన చెయ్యి.

మా దగ్గర ఒట్టుకు ఒక కట్టడి ఉంది. ఎవరి చేతిలో వేశారో వాళ్ళే దాన్ని తీయాలి. "తీసి గట్టున పెట్టినా" అని మూడుసార్లు అంటే తీరిపోతుంది. వేసినవాడు తనంతట తాను తీసుకోలేడు. దేవుడి ముందు వేసినదైనా అంతే. అంటే ఆ రోజు నుంచీ మా నాయన ఒట్టు తాళంచెవి నా దగ్గర ఉంది.

నాలుగేళ్ళు ఆయన మాట తప్పలేదు. ఆ నాలుగేళ్ళలోనే నేను పెద్దాయన దగ్గర పురాణం చదవడం నేర్చుకున్నాను. నేను చదివితే ఆయన అర్థం చెప్పేవాడు. తర్వాత తర్వాత అర్థం కూడా నన్నే చెప్పమనేవాడు. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు కథ నేను చెబితే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. నాయన స్తంభానికి ఆనుకుని, ఒళ్ళో శంఖం పెట్టుకుని వినేవాడు. నా భక్తి నిజమైనదే, ఈనాటికీ నిజమే. కానీ వినేవాళ్ళ కళ్ళలో నీళ్ళు చూసి నాలో ఏదో పెరుగుతోందని అప్పుడు నాకు తెలియలేదు.

ఆయనకు కడుపులో మంట చాలాకాలంగా ఉండేది. సోడా తాగి సర్దుకునేవాడు. ఒకరోజు పొద్దున మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ముందుకు ఒరిగిపోయాడు. పొట్ట చెక్కలాగా బిగుసుకుపోయింది. పుత్తూరు దాటి తిరుపతికి వ్యాన్లో తీసుకుపోయాం. జీర్ణాశయం కింద పేగుకు చిల్లి పడిందని చెప్పి, ఆ మధ్యాహ్నమే రొమ్ము ఎముక నుంచి బొడ్డు కిందిదాకా కోసి కుట్టారు. చిల్లి మూసుకుంది, ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అమ్మ ఆస్పత్రి మెట్ల మీదే కొండవైపు తిరిగి సాష్టాంగపడింది.

మరునాడు పొద్దున నర్సు పళ్ళెంలో సూది పెట్టుకుని వచ్చింది. నాయన అప్పటికి పూర్తిగా తెలివిలోకి వచ్చాడు. పెదవులు పళ్ళతో నొక్కిపట్టుకుని ఉన్నాడు.

"ఏం సూది సిస్టరమ్మా అది?"

"నొప్పికి పెద్దాయనా. కాస్త హాయిగా ఉంటాది, నిద్ర పడతాది."

"మత్తొస్తాదా? దేంతో సేస్తారు దాన్ని?"

ఆమె మంచిది. అబద్ధం చెప్పలేదు. "నల్లమందు జాతిదే. అయితే ఏమి? డాక్టరు రాసినాడు గదా."

నాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె వైపు చూడలేదు. నావైపు చూశాడు. నేను ఆలోచించలేదు. గోష్ఠిలో అర్థం చెప్పినంత సులువుగా చెప్పాను. "వద్దు సిస్టర్. ఆయనకు ఒట్టుండాది. మత్తు ముట్టడు."

"ఒట్టేందమ్మా! పొట్ట కోసినారు. చూడు ఎంత పొడుగు కుట్లో."

"ఓర్చుకుంటాడు."

డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మామూలుగా ఇచ్చే నొప్పి సూది ఇంకోటుంది గానీ అది కడుపులో పుండు ఉన్నోళ్ళకు పనికిరాదమ్మా. మళ్ళీ చిల్లి పడతాది. జ్వరానికి వేసేది వేస్తాను, దానికి ఈ నొప్పి లొంగదు. ఇది వద్దంటే నా చేతిలో ఇంకేం లేదు" అన్నాడు. ఇంటివాళ్ళు వద్దన్నారని కాగితం మీద రాసి నాచేత సంతకం పెట్టించుకున్నాడు. వంకర పోకుండా, అక్షరం అక్షరం విడివిడిగా, అందంగా పెట్టాను ఆ సంతకం.

నర్సు పోతూ పోతూ ఒక రబ్బరు చేతి తొడుగు ఇచ్చింది. "గంటకు పదిసార్లు బుడగ ఊదినట్టు ఊదించు. దగ్గమను. ఊపిరి బాగా కిందిదాకా పోవాల. లేకుంటే కఫం, గళ్ళ, లోపలే నిలిచిపోతాది" అంది.

నాయన దాన్ని చూసి నవ్వబోయాడు. నవ్వు కుట్ల దగ్గర ఆగిపోయింది. "శంకం ఊదినోడికి ఇదొక లెక్కా" అన్నాడు. నోట పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, అంతే. ఊపిరి సగానికి పోగానే ఎవరో లోపలినుంచి పట్టి లాగినట్టు ఆగిపోయింది. తొడుగులో ఒక్క వేలు కూడా లేచి నిలబడలేదు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ అంతే. దగ్గమంటే గొంతులో చిన్న శబ్దం చేసి పక్కగుడ్డను పిడికిట బిగించేవాడు. మధ్యాహ్నానికి ఆ తొడుగు ఆయన దిండు పక్కన చచ్చిన చేపలాగా పడి ఉంది.

చూడనిచ్చే వేళకు గోష్ఠివాళ్ళు నలుగురు తులసీ తీర్థమూ పట్టుకుని వచ్చారు. జరిగింది నేనే చెప్పాను. ఆ చెప్పడంలో ఎంత సంతోషపడ్డానో నాకు బాగా గుర్తుంది. "నిజమైన దాసుడప్పా ఈయన" అన్నారు వాళ్ళు. మంచం చుట్టూ నిలబడి మెల్లగా గోవింద నామం అన్నారు. నాయన పెదవులు కదిలాయి. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. భక్తి కన్నీళ్ళే అనుకున్నాను. వాళ్ళకు కూడా అట్లాగే చెప్పాను.

సూది వద్దన్న మరునాడు మధ్యాహ్నం. అమ్మ మా ఇద్దరికీ గంజి తేవడానికి పోయింది. నేను తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తున్నాను. ముక్కుపుటాలు అదురుతున్నాయి. చిన్న చిన్న ఊపిర్లు, పరుగెత్తి వచ్చిన కుక్కపిల్ల ఊపిరి లాగా. ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఒట్టు వేసిన చేతితోనే పట్టుకున్నాడు.

"మే పాపా."

"ఏం నాయనా?"

"ఈ ఒట్టును... ఒక పూట గట్టున పెట్టి... మళ్ళా మాపటికి తెచ్చుకుందామా?"

నవ్వులాటగానే అన్నాడు. కళ్ళు కూడా నవ్వుతున్నట్టే పెట్టాడు. అడిగితే నేను బాధపడతానని, అడగకుండా అడిగాడు. నాకు తెలిసింది. తెలియలేదని నా స్వామి ముందు అబద్ధం చెప్పలేను. కానీ ఆ క్షణంలో నాకు మిరియాలపొడి కలిపిన ఆ గ్లాసు కనబడింది. మందుకని మొదలైన ఆ రెండేళ్ళు కనబడ్డాయి. గోష్ఠివాళ్ళు నిన్ననే అన్న మాట కూడా వినబడింది. ఏది ముందో, ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

నేను కూడా నవ్వాను. నవ్వుతూ తల అడ్డంగా ఊపాను. "ఇంకొక్క రోజు ఓర్సుకో నాయనా. స్వామి సూస్తాండాడు" అన్నాను.

"సూస్తాండాడు లే" అన్నాడు ఆయన. చెయ్యి వదిలేశాడు. మళ్ళీ అడగలేదు.

నాయన అట్లా అడిగాడని తెలిసి అమ్మ నన్ను వరండాలోకి లాగింది. "తీసెయ్యవే ఆ ఒట్టు! మొండిదానివని నీ సేతిలో యేయించింది నేనే. తప్పయిపోయింది. తీసెయ్!"

"ఎనిమిది నెలలు మానినోడు మందుకని తాగి మళ్ళా ఎట్లయినాడో మర్సిపోయినావా మా?"

"నేనా మర్సిపోయేది? తన్నులు తినింది నువ్వా, నేనా? తాగితే తాగనీ! మనిసి ఉంటే గదా తిట్టేదానికి!"

నేను అమ్మకు ధర్మం చెప్పాను. మాట కోసం రాజ్యాలు వదులుకున్నవాళ్ళ గురించి చెప్పాను. అమ్మ చదువుకోలేదు. కాసేపు విని, "నువ్వు శానా సదివినావు పాపా" అని లోపలికి పోయింది.

మూడోరోజు పొద్దున ఆయన ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తే గురగుర చప్పుడు. పెదవులు నల్లబడ్డాయి. రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరు వీపు మీద చెవి గొట్టం పెట్టి విని, కాగితాలు తిరగేసి, నా సంతకం దగ్గర ఆగాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"నాదే సార్."

"నొప్పికి భయపడి ఊపిరి కిందికి తీయలేదు. దగ్గలేదు. ఊపిరితిత్తుల అడుగంతా గళ్ళ పేరుకుని చీము పట్టింది" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నేను మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నాయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "తీసి గట్టున పెట్టినా నాయనా. తీసి గట్టున పెట్టినా. తీసి గట్టున పెట్టినా." పైకి చూసి, "ఇప్పుడు వెయ్యండి సార్ ఆ సూది" అన్నాను.

డాక్టరు తల ఊపాడు, నేను నాయనకు ఊపినట్టే, అడ్డంగా. "ఇప్పుడు అది వేస్తే ఉన్న ఊపిరి కూడా మందగిస్తాదమ్మా. అది మొన్న వేయాల్సిన మందు."

ఐదోరోజు పొద్దున ఆయన పోయాడు. దారి పొడుగునా ముందు నడిచిన దాసరి శంఖం ఊదాడు. చిన్న ఊపిరి వాడు. మాటిమాటికీ ఆపి ఆపి ఊదాడు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అమ్మ కూడా అనలేదు. పెద్దాయన నా తలమీద చెయ్యి పెట్టి, "మాట తప్పకుండా పోయినాడు తల్లీ, పుణ్యాత్ముడు" అన్నాడు. పెద్ద డాక్టరు చెప్పిన మాటను ఎక్కడో లోపల పూడ్చిపెట్టి, ఈ మాట పట్టుకుని పదేళ్ళు బతికాను. ఆయుస్సు అంతే అనుకున్నాను. ఆయనకు పరీక్ష పెట్టిన స్వామే నెగ్గించి తీసుకుపోయాడని గోష్ఠిలో చెప్పాను కూడా.

పదేళ్ళ తర్వాత నా గర్భసంచిలో గడ్డలు పెరిగాయి. తిరుపతిలోనే, వేరే ఆస్పత్రిలో, పొట్ట కోసి తీయాలన్నారు. ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను మనసులో ఒకటి నిశ్చయించుకుని ఉన్నాను. నాయన ఓర్చుకున్నది నేనూ ఓర్చుకోవాలి.

"ఆపరేషన్ అయినాక నాకు మత్తు సూదులు వద్దు డాక్టరమ్మా. ఓర్చుకుంటాను" అన్నాను.

ఆమె నవ్వింది. "మేం కూడా అది తగ్గించాలనే చూస్తున్నాం లేమ్మా. ఎక్కువైతే కడుపు ఉబ్బుతాది, వాంతులు, పేగు కదలదు, మగతగా పడి ఉంటారు. కానీ ఓర్చుకోమని నిన్నెవరు అడిగినారు? వెన్ను దగ్గర సన్నటి గొట్టం పెట్టి, కోసినంత మేర తిమ్మిరెక్కే మందు పోస్తాం. దాంతోపాటు వేళకు వేళకు మామూలు నొప్పి మందు. వీటికి లొంగని నొప్పి ఏదన్నా ఉంటేనే ఆ సూది, అదీ కొంచెం."

"మా నాయనకు..." అని మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. పదేళ్ళలో మొదటిసారి పూర్తిగా చెప్పాను, ఆయన నవ్వులాటగా అడిగిన మాటతో సహా.

ఆమె చేతిలోని కాగితాలు మంచం మీద పెట్టింది. "అప్పట్లో ఈ గొట్టం అన్నిచోట్లా లేదు. పెట్టేవాళ్ళు తక్కువ. ఆయనకు ఉండిందంతా ఆ సూది ఒక్కటే" అంది. తర్వాత, "రెండు మూడు రోజులు నొప్పికి లెక్క ప్రకారం ఇస్తే మనిషి తాగుబోతు కాడమ్మా" అంది. ఓదార్చడానికి అబద్ధం చెప్పకుండా లేచి వెళ్ళింది. ఆ నర్సు లాగే ఈమె కూడా మంచిది.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని నేను పదిసార్లు పదిమందికి చెప్పిన కథను నాకు నేను చెప్పుకున్నాను. మొసలి పట్టినప్పుడు ఆ ఏనుగు ఓర్చుకోలేదు. ఉన్న బలమంతా అయిపోయిందని అరిచింది. అరిచినందుకే స్వామి అన్నీ వదిలేసి పరుగెత్తి వచ్చాడు. ఓర్చుకొమ్మని పైనుంచి కబురు పెట్టలేదు. ఇన్నేళ్ళూ నేను అర్థం చెప్పాను గానీ, నా చెయ్యి పట్టుకుని అరిచిన మనిషి అరుపు నాకు వినబడలేదు. స్వామి సూస్తాండాడు అన్నాను. ఆయన పరుగెత్తి రావడానికి ఆ పూట నా నోరు ఒక్కటే దారి. దాన్ని నేనే మూశాను.

ఆపరేషన్ అయింది. మరునాడు పొద్దున నర్సు నన్ను లేపి కూర్చోబెట్టింది. పొట్ట మీద ఏదో బరువు ఉన్నట్టుంది గానీ నొప్పి లేదు. నా చేతికి చిన్న దిండు ఇచ్చింది.

"కుట్లకు ఆనించి పట్టుకో. గట్టిగా ఊపిరి తీసి దగ్గమ్మా."

అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను దిండు పట్టుకున్నాను. ఊపిరి తీస్తుంటే సగంలో ఆగుతుందని ఎదురుచూశాను. ఆగలేదు. కిందికి, ఇంకా కిందికి, పొట్ట అడుగుదాకా పోయింది. దగ్గాను. గళ్ళ కదిలి గొంతులోకి వచ్చింది. అంతే. అదే ఆ రోజు మా నాయన చేయాల్సి ఉండిన పని.

"బాగుంది. ఇంకోసారి" అంది నర్సు.

ఇంకోసారి దగ్గాను. తలెత్తేసరికి అమ్మ నన్నే చూస్తోంది. పదేళ్ళలో ఒక్క మాటా అనని అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఇంత సులువా పాపా?" అంది.

నేను చెయ్యి చాపాను. అమ్మ ఆ అరచేతిని చూసింది. పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.